హార్మ్స్ గారి ముక్కు

గేషె హార్మ్స్ గారికి ప్రపంచంలో ఒక్కటే శత్రువు: చేతికి రాసుకునే క్రీము.

బ్రేమెన్‌లోని మా ప్రయోగశాలకు ఆవిడే పెద్ద. గుమ్మంలో నిలబడి, లోపలికొచ్చే ప్రతివాణ్ణీ వాసన చూసేది. సెంటు, వెన్న రాసిన రొట్టె, ఏది తగిలినా వెనక్కే. ఒకసారి మా సంస్థ డైరెక్టరు గారినే ఆపేసింది. పెదవులు పగిలితే కాస్త క్రీము రాశానని ఆయన గొణిగాడు.

"పెదవులు మానతాయి. రాయి పాడైతే మానదు," అంది.

ఆ భయం ఉత్తిది కాదు. మేం వెతికేది కోట్ల ఏళ్ల నాటి సముద్రంలో బతికిన సూక్ష్మజీవుల్ని. వాటి ఒళ్లు ఎప్పుడో కరిగిపోయింది. కొవ్వు అణువుల జాడ మాత్రం అడుగు బురదలో చిక్కుకుని, బురదతోపాటే రాయైంది. ఆ పిసరు ముందు ఒక వేలిముద్ర కూడా ఏనుగే. ఆవిడ చదువుకునే రోజుల్లో కొత్త జీవి దొరికిందని అందరూ కేకు కోసుకున్నారట. తీరా చూస్తే ఎవరి చేతికో ఉన్న వాజలీను. వాజలీను తీసే పెట్రోలియమూ పాత సముద్రజీవుల కొవ్వే మరి, అణువుల్ని పసిగట్టే పరికరానికి తేడా ఏం తెలుస్తుంది?

మా ఫెంకె పుట్టాక నాకు కష్టాలొచ్చాయి. డైపరు మార్చి రాసే క్రీము ఎంత కడిగినా గోళ్ల సందుల్లో మిగిలేది. నిజం చెప్పాలంటే, పూర్తిగా పోవాలని నాకూ ఉండేది కాదు. పగలంతా రాళ్ల మధ్య పిల్ల తాలూకు ఉన్నది ఆ వాసనొక్కటే.

ఒక శుక్రవారం పాపకి జ్వరం. నేనున్నాగా, వెళ్లమంది మా ఆవిడ. ఆ వారాంతంలో నా రాతి పని పూర్తి కాకపోతే పరికరం మీద వంతు పోతుంది, దాంతో డాక్టరేటు గడువూ దాటుతుంది.

హార్మ్స్ గారు నా వైపు వంగి గాలి పీల్చింది. "క్రీము. ఇంటికెళ్లండి."

మళ్లీ కడుక్కుంటానని బతిమాలాను. తలుపు మూసేసింది. ట్రాములో కూర్చుని ఆవిడని తిట్టుకుంటూ, దిగగానే ఇంటికి పరిగెత్తాను.

సోమవారానికి జ్వరం తగ్గింది. వెళ్లి చూస్తే నా పనంతా అయిపోయి ఉంది. శని, ఆదివారాలు కూర్చుని ఆవిడే చేసిందట. ముక్కు దానిమ్మగింజలా ఎర్రగా ఉంది. జలుబు ఎప్పటినుంచని అడిగాను.

"బుధవారం నుంచి. కాఫీ వాసన కూడా తెలియడం లేదు."

"మరి శుక్రవారం నా క్రీము?"

"మీ మొహం చూశాను," అంది. "మావాడు మీ పాప వయసులో ఉన్నప్పుడు నేను ఓడ మీద సముద్రపు బురద తోడుతున్నాను. బురద బాగానే దొరికింది. వాడు పాకడం మాత్రం చూడలేదు."

పిల్లల దగ్గర వాసన ఎలా ఉంటుందని మెల్లిగా అడిగింది. చెయ్యి చాపాను. గట్టిగా పీల్చింది, తుమ్మింది, తల అడ్డంగా ఊపింది.

"జలుబు తగ్గాక పాపని తీసుకురండి," అంది. "గుమ్మం బయటిదాకే."