పెయ్యకు చెప్పిన మాట

నా చిన్నప్పుడు, కార్తీకంలో ఒక సోమవారం ఉదయం ఏడు గంటలకు పశువుల డాక్టరు మా దొడ్డికి వచ్చాడు. సోమవారమని గట్టిగా చెప్పగలను, ఆ రోజు మా నాయనమ్మకు ఉపవాసం. ఇప్పుడు గచ్చిబౌలిలో ఆఫీసు బస్సులు ఆగే చోటే ఆ దొడ్డి ఉండేది.

మా పెయ్య తొలిచూలుతో ఉంది. ఏడో నెల. మా బాబాయి భార్య చిన్నమ్మకూ తొలిచూలే, ఆమెకూ ఏడో నెలే. తల్లి లేని పిల్ల కాబట్టి కాన్పుకు పుట్టింటికి పంపలేదు. మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు ఎక్కువ పెడితే కడుపులోది పెరిగి అడ్డం పడుతుందని నాయనమ్మ నమ్మకం. అందుకని పెయ్యకు తవుడు, చిన్నమ్మకు రెండో రొట్టె మానిపించింది.

డాక్టరు పెయ్య చుట్టూ తిరిగి చూసి మా తాతయ్యను కోప్పడ్డాడు. కడుపులో దూడ పెరిగేది ఈ చివరి నెలల్లోనేనని, మేత చాలకపోతే తల్లి తన ఒళ్లు కరిగించి దానికి పెడుతుందని చెప్పాడు. కొవ్వు పట్టించవద్దు, ఎండిపోనీయవద్దు. నా చెయ్యి పట్టుకుని పెయ్య పక్కటెముకల మీద ఆనించి, అవి చేతికి తగలాలి గాని కంటికి కనపడకూడదని నేర్పాడు.

ఆ సాయంత్రం నుంచే పెయ్యకు నానబెట్టిన పల్లి చెక్క, తవుడు, పచ్చజొన్న. అవి కలిపి పెట్టేది చిన్నమ్మే.

"మామా, నన్ను గూడ గా గుంజకే కట్టేయుండ్రి. జర నాకూ ఇంత దొరుకుతది" అంది ఒకరోజు.

తాతయ్య నవ్వాడు. "నోరు జూడు దీనిది! పశువుతోని పోటీనా?" అంది నాయనమ్మ. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

అందరూ లోపలికి వెళ్లాక చిన్నమ్మ నా చెయ్యి తీసుకుని కొంగు కింద తన పక్కటెముకల మీద ఆనించింది. "డాక్టర్ చెప్పిండు గదనే బిడ్డా. నాయి చేతికి తగులుడు గాదు, కంటికే కనపడ్తున్నయి" అంది. అప్పుడు మాత్రం నేను నవ్వలేదు.

పుష్యంలో పెయ్య సుఖంగా ఈనింది. ఇల్లంతా దొడ్లోనే ఉంది. ఆ వారమే చిన్నమ్మకు నొప్పులు వచ్చాయి. పుట్టిన పాపకు ఏడ్చే బలం లేదు. తల్లికి పాలు పడలేదు. ఆవు పాలలో గుడ్డ ముంచి నోట్లో పెడితే చప్పరించలేకపోయింది. దేవుడు రాసింది అంతే అన్నారు వచ్చినవాళ్లు.

దేవుడి సంగతి నాకు తెలియదు. డాక్టరు మాట ఇంట్లో అందరం విన్నాం. అది మనిషికి కూడా వర్తిస్తుందేమోనని అడిగిన పెద్దవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే మా ఇంట్లో ఎవరు కడుపుతో ఉన్నా, ఆమె తిని లేచేదాకా నేను కంచం ముందు కూర్చోను.

ఆ పుష్యంలో మాకు పోయినవి: ఒక ఆడపిల్ల, నెల తిరగకముందే దాని తల్లి. దొడ్లో ఏమీ పోలేదు.