పేరు పెట్టని కుక్క

నా చిన్నప్పటి సంగతులు చాలావరకు తలుచుకుంటే కడుపు నిండినట్టుంటుంది. ఇదొక్కటి మాత్రం తలుచుకుంటే ఉమ్మేయాలనిపిస్తుంది. మొన్న ప్రొద్దుటూరులో మా మనవరాలు ఫోన్లో ఏదో వీడియో చూపించింది. ఎవడో తన కుక్క మనసులో మాట పట్టేస్తుందని చెప్పి, దాన్ని నలుగురి మధ్య నిలబెట్టి గెంతులేయిస్తున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు. భలే ఉంది కదవ్వా అంది. భలేనా, నా బొంద! ఆ ఫోను అవతల పెట్టమని కసిరాను. పాపం, ఆ పిల్లకేం తెలుసు?

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. పంటలు కోసేశాక ఎండాకాలంలో గొర్రెల మందలు వచ్చేవి. రాత్రిపూట మంద ఎవరి చేలో పడుకుంటే ఆ చేనికి అంత ఎరువు. అందుకని మా చేలో పెట్టంటే మా చేలో పెట్టమని రైతులు పోటీపడి పిలిచి, మందవాళ్లకు జొన్నలు ఇచ్చేవాళ్లు, పగలు బీళ్లలో మేపుకోనిచ్చేవాళ్లు. ఏటా మా ఊరికి వచ్చే ఆయన్ని పిల్లలమంతా గొర్రెల మామ అనేవాళ్లం. చక్రాయపేట వైపు మనిషి. పెళ్లాం బిడ్డలు లేరు. ఆ మంద, ఒక కంబళి, ఒక ఎర్ర కుక్క, అదే ఆయన సంసారం.

ఆ కుక్కకు పేరు లేదు. ఎందుకు పెట్టలేదు మామా అని అడిగితే, "పిల్చే పని పడితే గదమ్మా పేరు" అన్నాడు. నిజమే, ఆయన ఈల వేయడం గానీ, అదిలించడం గానీ నేనెన్నడూ చూడలేదు. గట్టు మీద కూర్చుని ఆకు వక్క నములుతూ ఉండేవాడు. ఏ గొర్రెను ఎటు మళ్లించాలనుకుంటే కుక్క దాన్ని అటు మళ్లించేది. ఒకరోజు మా ఇంట్లో సంగటి తింటూ తింటూ ముద్ద వదిలేసి లేచాడు. దానికి ముల్లు గుచ్చుకునింది అంటూ చేనివైపు పరుగెత్తాడు. వెనకే మేమూ పరుగెత్తాం. కుక్క మూడు కాళ్ల మీద నిలబడి ఉంది, నాలుగో కాల్లో తుమ్మముల్లు. మా అవ్వ ఆశ్చర్యపోయి ముక్కున వేలేసుకుంది. మామ మాత్రం ముల్లు తీసి పారేసి, వచ్చి చల్లారిన సంగటి తిన్నాడు.

ఈ సంగతి ఊరంతా పాకి మా ఊరి పెద్దాయన చెవిన పడింది. సగం భూమి ఆయనదే. మా చేనికి నీళ్లు పారే బావీ ఆయనదే. ఆయన సరే అంటేనే చుట్టుపక్కల ఏ చేలో అయినా మంద దిగేది. పులివెందుల నుంచి ఆయన బావమరిది వచ్చాడని ఆ బావి గట్టున పొట్టేలు కోసి విందు పెట్టాడు. మామ మంద ఆ రోజు ఆ పక్క చేలోనే ఉంది. మా తాతయ్య వెళ్తూ నన్నూ తీసుకెళ్లాడు. కూర మీద ఆశ కొద్దీ నేనూ ఎగురుకుంటూ పోయాను.

ఛీ, ఏం విందు అది! సారాయి కంపు, ఈగలు, నమిలి ఊసిన ఎముకలు. ఆ బావమరిది తాను చీకిన ఎముకను అటుగా వచ్చిన మామ కుక్క ముందుకు విసిరితే అది వాసన కూడా చూడకుండా దూరంగా నీడలోకి పోయి పడుకుంది. దాంతో ఆయనకు పౌరుషం వచ్చింది. "మనసులో మాట ఇంటాదంట గదా, సూద్దాం పిలువు ఆ గొర్రెలోన్ని" అన్నాడు. మామ వచ్చి నేల మీద కూర్చున్నాడు. కూరలో ముంచిన చేత్తోనే బావమరిది మామ చెవి పట్టి లాగి ఏదో గుసగుసలాడాడు. నూనె మామ మెడ మీదుగా కారింది. మామ తుడుచుకోలేదు. కళ్లు మూసుకున్నాడు. అంత దూరాన నీడలో పడుకున్న కుక్క లేచి మందలోకి పోయి నల్ల చెవుల పొట్టేలును విడదీసి తోలుకొచ్చింది. అదే నేను చెప్పింది అని బావమరిది తొడ చరిచాడు. అందరూ కేకలు పెట్టారు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆయన మళ్లీ మామ చెవిలో చెప్పి, ఈసారి అందరికీ వినిపించేలా పైకి కూడా అన్నాడు. "బాయిలో దూకమని చెప్పినా. దూకుతాదా లేదా?" ఎండాకాలం, బావిలో అడుగున రాళ్లు తప్ప నీళ్లు లేవు. పెద్దాయన నవ్వాడు. ఆయన నవ్వాడని మిగతావాళ్లు నవ్వారు. మా తాతయ్య కూడా నవ్వాడు. చేతిలో ముద్ద పట్టుకుని, పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. నేను నా చేతిలో ముద్ద విస్తట్లో పడేశాను.

కాదంటే ఆ చుట్టుపక్కల మామ మందకు గడ్డిపోచ దొరకదు. మామ మళ్లీ కళ్లు మూసుకున్నాడు. కుక్క లేచింది, నేరుగా బావి అంచుకు పోయి లోపలికి తొంగి చూసింది. అందరూ మెడలు చాచారు. అది వెనక్కి తిరిగి, విస్తళ్ల మధ్యగా తాపీగా నడిచొచ్చి, బావమరిది విస్తరి దగ్గర ఆగి, కాలెత్తి, సంగటీ కూరా తడిసేట్టు పోసింది.

నేనొక్కదాన్నే పకపకా నవ్వాను. తాతయ్య నా చెంప ఛెళ్లుమనిపించాడు.

"ఏందిరా ఇది?" అని పెద్దాయన గద్దించాడు. మామ లేచి నిలబడ్డాడు. "ఆయప్ప చెప్పింది నా చెవిలో సామీ. అది ఇనేది నా మనసులోది. ఆడ ఏముంటే అదే చేసింది." ఆ మాట ఆయన కోపంగా అనలేదు, వినయంగా కూడా అనలేదు. బావమరిది కట్టె కోసం వెతుక్కునేలోపు కుక్క మందను లేపేసింది. గొర్రెలన్నీ దుమ్ము రేపుకుంటూ ఎర్రగుంట్ల దారి పట్టాయి. మామ కంబళి భుజాన వేసుకుని వెనకాలే పోయాడు. ఇవ్వాల్సిన జొన్నలు కూడా అడగలేదు. ఆ తరువాత ఆయన మా ఊరికి రాలేదు.

ఇంటికి పోతూ తాతయ్య నా చెంప నిమిరాడు. "వాళ్లు నవ్వితే నవ్వల్ల, నవ్వకపోతే నోరు మూసుకోవల్ల తల్లీ. నీళ్లు వాళ్ల చేతిలో ఉండాయి" అన్నాడు. మా తాతయ్య చెడ్డవాడు కాదు. నన్ను భుజాల మీద మోసినవాడు. అందుకే ఆ బావమరిది మీదకన్నా ఆయన నవ్వు మీదే నాకు అసహ్యం ఎక్కువ వేసింది. ఆయన పోయేదాకా ఆ మాట ఆయనకు చెప్పలేదు, చెప్పినా ఏం లాభం?

ఇప్పటికీ పెళ్లిళ్లలో, పంచాయితీల్లో ఎవరో పెద్దమనిషి పక్కవాణ్ణి కించపరిచి ఒక మాట అంటాడు, చుట్టూ ఉన్నవాళ్లంతా ఇకిలిస్తారు. నేను ఆయన మొహంలోకి చూస్తూ కూర్చుంటాను. మా అత్తకు పొగరు అని కోడలు నలుగురిలో నొచ్చుకుంటుంది. నొచ్చుకోనీ. నాకు నవ్వొస్తేనే నవ్వుతాను.