పలుపు ఇవ్వని మనిషి

మా ఆయనను డయాలసిస్‌కు అనంతపురం తీసుకుపోవాలి. బస్సులో కూర్చోలేకపోతున్నాడని పాత కారు కోసం శింగనమల వెళ్లాం. అది దారిలో ఆగిపోతే మనిషి దక్కడని నా భయం. ముందే వేడిచేసి పెట్టి మోసం చేస్తారేమోనని బానెట్టు మీద చెయ్యి పెట్టి, ఇంజిను చల్లగా ఉందని చూసుకున్నాకే స్టార్టు చేయమన్నాను. ఒక్కసారికే అందుకుంది.

అమ్మే రైతు ఏదీ దాచలేదు. "ఏసీ పనిచేయదమ్మా. ముందర సీటు వాలిపోయింది, లేయదు. దారిలో మాత్రం నిలబెట్టదు," అంటూ ఎద్దును తట్టినట్టు బానెట్టును తట్టాడు.

"సీటు అట్లెందుకు వాల్చినావప్పా?"

"మా ఆడమనిషిని పండబెట్టుకోని ఆస్పత్రికి పోతాంటి. ఇంక ఆ పని లేదు."

తాళంచెవి ఇచ్చేముందు దానికి కట్టిన చీర పేలిక విప్పి జేబులో పెట్టుకున్నాడు.

"అదెందుకు తీస్తాండావు?"

"ఎద్దునమ్మినా దాని మెడకు కట్టిన పలుపు మన కాడే పెట్టుకుంటాం గదమ్మా."

కారు ఒక్కనాడూ దారిలో నిలబెట్టలేదు. మా ఆయన పోయాక, మొన్న దాన్ని అమ్మేశాం. కొనవచ్చినామె వాలిన సీటును తడిమి నా వైపు చూసింది. తాళంచెవికి కట్టిన ఆయన తువ్వాలు పేలిక విప్పుకుని కొంగున ముడేసుకున్నాను. బానెట్టును తట్టి, "దారిలో మాత్రం నిలబెట్టదమ్మా," అన్నాను.