సోమవారం నాటి గడ్డి

రాసుకో నిత్యా. "మా అవ్వ చేసిన ఒక పనికి బస్సెడు ఆడవాళ్ళు ఆమెని కొండ మీదే వదిలేసి రాబోయారు" అని మొదలుపెట్టు. చదివేవాళ్ళు భయపడతారంటావా? పడనీ. అసలు సంగతి అంతకన్నా ఘోరం. కొండ మీద వదిలేస్తే ఇడ్లీలమ్ముకుని అయినా బతికేదాన్ని. వాళ్ళు నన్ను వాట్సాప్ గ్రూపులోంచి తీసేస్తామన్నారు!

ముందు నా సంగతి కాస్త చెప్పాలి. మద్రాసు తిరువొత్తియూరులో మాకు పైపుల వ్యాపారం. అది కొడుకు చేతికిచ్చి, షోళింగనల్లూరులో ఫ్లాటుకి వచ్చేశాక మా ఆయన నాయుడుగారు గోల్ఫ్ క్లబ్బులో చేరారు. అదే సమయానికి షుగర్ డాక్టరు నన్ను నడవమన్నాడు. "ఆయన వెనకాలే మజ్జిగ సీసా పట్టుకుని నడువు, నీకూ నడకవుద్ది, ఆయనకీ మజ్జిగ దొరుకుద్ది" అని ఇంటిల్లిపాదీ తీర్మానం చేశారు. సరే అని నడిచాను. ఒకరోజు ఆయన బంతిని కొట్టబోయి, బంతిని వదిలేసి, పక్కనున్న మట్టిగడ్డని గాల్లోకి లేపారు. నా కొంగు నిండా మన్ను. "ఇట్టీండి" అని కర్ర లాక్కుని ఒకటేశాను. ఏళ్ళ తరబడి ఆవకాయకి కాయలు నరికిన చెయ్యి కదా, బంతి ఎక్కడ పడిందో ఇప్పటికీ తెలీదు. ఆ రోజునుంచి మజ్జిగ సీసా ఆయనే మోసుకుంటున్నారు.

కాలరు లేని బట్టతో క్లబ్బులో ఆడకూడదని రూలు. చీర కట్టకూడదని మాత్రం ఎక్కడా రాయలేదు. పాండీబజార్లో మా పాత టైలరు దగ్గరికి వెళ్ళి జాకెట్లకి కాలర్లు పెట్టమన్నాను.

"ఏమ్మా, ఇది జాకెట్టా షర్టా?" అన్నాడు.

"రెండూనయ్యా. నువ్వు కుట్టు."

చీర ఎత్తి చెక్కి, కాలరు జాకెట్టుతో, కాన్వాస్ బూట్లతో నేను మొదటిసారి దిగినరోజు క్లబ్బు సెక్రటరీ రూల్స్ పుస్తకం ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ తిప్పాడు. తిప్పుకోనీ అని నేను ఆడుకుంటూ పోయాను.

అక్కడ మా ఆడవాళ్ళకి ఒక వాట్సాప్ గ్రూపుంది. పొద్దున ఎవరు ముందు వెళితే వాళ్ళు కోర్సు ఎలా ఉందో చెప్పాలి. వానకి నీళ్ళెక్కడ నిలిచాయి, ఇసుక గుంటల్లో కుక్కలేమైనా పడుకున్నాయా, గ్రీను మీద బంతి పరిగెత్తుతోందా పాకుతోందా. గ్రీను అంటే, తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, బంతిని దొర్లించి వేసే గుంట చుట్టూ తివాచీలా పెంచే గడ్డి. ఆ గడ్డి సంగతి ముందే తెలిస్తే సగం ఆట గెలిచినట్టే. మా గ్రూపులో నా రిపోర్టంటే కోర్టు తీర్పు. అప్పీలు లేదు.

గొడవంతా ఆదివారం గురించి. ఆదివారం పొద్దున, ఎండ ఎక్కకముందు ఆడే వేళ మొత్తం మగవాళ్ళది. మాకిచ్చింది మధ్యాహ్నం భోజనాల వేళ! మద్రాసు ఎండ, అదీ మే నెలలో. ఆ వేళ బయటికొస్తే కాకి కూడా కారు కిందికి దూరుతుంది. "మాకూ పొద్దున్నే కావాలి" అని మేమడిగితే, మా ఆయన జతగాడు దొరైసామి, రిటైరైన బ్యాంకు మేనేజరు, నవ్వేశాడు.

"ఆడవాళ్ళు మెల్లగా ఆడతారమ్మా. మీ వెనక మేము ఆగి ఆగి, టిఫిను వేళకి సాంబారు ఆరిపోద్ది."

"ఆరితే మళ్ళీ కాచుకో సామీ. మేమేమో ఎండకి ఆవిరైపోతా ఉండాం!" అన్నాను.

సెక్రటరీ తల పట్టుకుని ఒక దారి చూపించాడు. ఏటా క్లబ్బంతా బస్సేసుకుని కొండ మీది కోర్సుకి పోతుంది. ఈసారి అక్కడ ఆడవాళ్ళ తరఫున ఇద్దరు, మగవాళ్ళ తరఫున ఇద్దరు ఆడాలి. తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలో వేసినవాళ్ళది ఆ గుంట, ఎక్కువ గుంటలు గెలిచినవాళ్ళకే ఆదివారం పొద్దు. మావైపు నేనూ, సుజాతా. సుజాతది కరీంనగర్, ఐటీ ఆఫీసులో పెద్ద ఉద్యోగం. నాకు కూతురి వయసే అయినా "అక్కా" అని పిలవకపోతే పలకనని ముందే చెప్పేశాను. అటువైపు దొరైసామి, మా ఆయన.

"అవ్వా, తాత నీకు ఎదురుగానా?" అంటున్నావా నిత్యా? ఎదురుగానే. పెళ్ళైననాటినుంచీ ఎదురుగానే.

ఆ కోర్సు మాలో ఎవరికీ బాగా తెలీదు. అదృష్టమో నా ఖర్మో, ట్రిప్పుకి వారం ముందు ఆ కొండ ఊళ్ళోనే మా చుట్టాలింట పెళ్ళొచ్చింది. పెళ్ళైన మర్నాడు, సోమవారం, ముసురు. మా ఆయన లాడ్జిలో దుప్పటి కప్పుకుని పడుకున్నారు. నేను గొడుగేసుకుని కోర్సుకి వెళ్ళాను. గేటు దగ్గర "ఇన్నిక్కి లీవు మా" అని, ఇవాళ సెలవన్నారు. "ఆడను, సుమ్మా, ఊరికే చూసి పోతా" అని లోపలికెళ్ళి, ఒక గ్రీను మీద బంతి పెట్టి, గొడుగు పిడితో తట్టాను. బంతి నాలుగంగలు కూడా పోలేదు. దోసెల పిండిలో పడిన ఈగలా అక్కడే ఉండిపోయింది. ఇంకాస్త గట్టిగా కొట్టాను. ఇంకో రెండంగలు.

ఇంకేముంది, శత్రువు కోటగోడ ఎక్కడ బలహీనమో కనిపెట్టిన సేనాపతినైపోయాను. లాడ్జికి పరిగెత్తుకొచ్చి, ఊపిరి తీసుకోకుండానే ఫోన్లో వాయిస్ మెసేజ్ పెట్టాను. "అమ్మణ్ణులారా! ఈడ గ్రీన్లు బురదలో ఎడ్లబండి మాదిరి ఉండాయి. బంతి కదలదు. మెల్లగా తట్టారంటే ఆదివారం పోయినట్టే. కర్రెత్తి గట్టిగా బాదండి!"

ట్రిప్పు రోజు బస్సులో ఆడవాళ్ళందరూ నాకు ముందు సీటిచ్చారు. ఒకావిడ మురుకులు పెట్టింది. ఇంకో ఆవిడ నా నడుము వెనక దిండు పెట్టింది. ఆ దిండు గుర్తొస్తే ఇప్పటికీ నడుము కలుక్కుమంటుంది.

మొదటి గ్రీను. మా వెనకాల బస్సులో వచ్చిన జనమంతా గుంపుగా నిలబడ్డారు. గుంటకి ఎవరి బంతి దూరంగా ఉంటే వాళ్ళు ముందు కొట్టాలి కాబట్టి మా ఆయన ముందుకొచ్చారు. కాళ్ళు ఎడంగా పెట్టి, కొబ్బరికాయ కొట్టేటంత ఊపుతో బాదారు. బంతి గుంట పక్కనుంచి రైలులా పోయి, గ్రీను దాటి, వాలులో దొర్లి, కింద టీ తోటలోకి దిగిపోయింది.

సుజాతా నేనూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వాం. తర్వాత దొరైసామి. ఆయనా అంతే ఊపు. ఆయన బంతీ టీ తోటకే. "అక్కా, వీళ్ళకేమైంది? పొద్దుగాల ఏం తిన్నరు?" అని సుజాత కళ్ళు తుడుచుకుంది. తర్వాత తన వంతు. నేను చెప్పినట్టే కర్రెత్తి బాదింది.

బంతి టీ తోటకి పోయింది. సుజాత నవ్వు కూడా దాని వెంటే పోయింది.

"అక్కా! గట్టిగ కొట్టమంటివి గద?"

"నువ్వు మరీ గట్టిగా కొట్టినావు సుజాతా."

ఇప్పుడు చూడండి, నాకు బుద్ధనేది ఉంటే ఏం చేయాలి? నా కళ్ళ ముందు ముగ్గురి బంతులు పారిపోయాయి. నేనేమనుకున్నానంటే, ముగ్గురికీ కొట్టడం రాదు. నా రిపోర్టు నా రిపోర్టే. బాదాను. నా బంతి మిగతా మూడింటికన్నా దూరం పోయింది. అందులోనైనా నేనే ఫస్టు!

సుజాత వంగి గ్రీను మీద చెయ్యేసి చూసింది. తిరుపతిలో అప్పుడే చేయించుకున్న గుండులా నున్నగా ఉంది.

"నిన్ననే కోసిన గడ్డి అక్కా ఇది. నువ్వు ఏ దినం చూసినవు?"

"సోమవారం."

"సోమవారం క్లబ్బు బందు గద! మన క్లబ్బుల గూడ సోమవారమే గద సెలవు! ఆ దినం గడ్డి ఎవడు కోస్తడు? మీదికెల్లి వాన. పెరిగిన గడ్డి, తడిసిన గడ్డి చూసి రిపోర్టు పెడ్తివా!"

గోల్ఫ్ ఆడే పసిపిల్లకి కూడా తెలిసిన సంగతి. నాకెందుకు తట్టలేదంటే, గొడుగు పట్టుకున్న సేనాపతికి క్యాలెండరు చూసే తీరికెక్కడిది!

రెండో గ్రీను దగ్గరా మగవాళ్ళిద్దరూ అదే బాదుడు. దొరైసామికి ఒళ్ళు మండింది.

"ఎన్న నాయుడూ ఇది! నువ్వే కదా, ఈడికొచ్చి కళ్ళారా చూసిపోయినానని మన గ్రూపులో పెట్టినావు? గ్రీన్లు బురదలో ఎడ్లబండి మాదిరి ఉండాయని?"

ఎడ్లబండి! నా ఎడ్లబండి!

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన ఆకాశం వైపు తిరిగారు. లాడ్జిలో దుప్పటి కింద నిద్రపోయినట్టు నటించి, నా మెసేజంతా విని, అక్షరం పొల్లుపోకుండా తన రిపోర్టని మగవాళ్ళకి పెట్టారన్నమాట!

కానీ మావాళ్ళు అనుకున్నది వేరు. గుంపులోంచి ఒక గొంతు లేచింది. "వేదమ్మా, మగోళ్ళకి కూడా నువ్వే చెప్పినావా? మొగుడి కోసం మమ్మల్ని అమ్మేసినావా?" ఇంకో గొంతు, "గ్రూపులోంచి తీసేయండి ముందు!" మురుకులిచ్చినావిడే. బస్సులో చోటు కూడా ఇచ్చేది లేదన్నారు.

"నేను అమ్మలేదు! ఈయన దొంగిలించినాడు!" అని అరిచాను.

సుజాత నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "అక్కా, తప్పైందని ఒక్క మాట అను. అందరు సల్లబడ్తరు. మెల్లగ కొట్టి గెలుద్దాం."

తప్పా? నేనా? "నా రిపోర్టు తప్పు కాదు. సోమవారానికి అది రైటే. గడ్డి మారింది, నేను మారలేదు. మారిన గడ్డికి మెల్లగా కొట్టు, సరేనా?" అన్నాను.

"తప్పైందంటే ఏమైతది?"

"ఆదివారం పొద్దున ఇప్పిస్తే చాలదా నీకు?"

మూడో గ్రీనునుంచి మేము పసిబిడ్డని జోకొట్టినట్టు తట్టడం మొదలుపెట్టాం. మరి మగవాళ్ళు? దొరైసామి కాస్త నిదానించాడు గానీ, మా ఆయనకి వేరే గతిలేదు. కళ్ళారా చూశానని చెప్పిన మనిషి మెల్లగా తడితే చూడలేదని ఒప్పుకున్నట్టే కదా! ప్రతి గ్రీను దగ్గరా "ముందుకి పోయే కొద్దీ స్లో అవుతాయి సామీ, నేను చూసినాను కదా" అంటూ టీ తోటకి ఎరువేసినట్టు బంతులేస్తూనే ఉన్నారు. దొరైసామి ఒక్కడే ఒక గుంట గెలిస్తే మేమొకటి లాక్కుంటూ వచ్చి, చివరి గుంటకి సమానంగా నిలబడ్డాం.

చివరి గ్రీను. సుజాత బంతి పొదల్లో పోయింది. దొరైసామిది నీళ్ళలో పడింది. మిగిలింది మేమిద్దరం, మొగుడూ పెళ్ళాం, ఇద్దరివీ అప్పటికి అన్నే దెబ్బలు. దూరం నాదే, ముందు నేనే కొట్టాలి. మా అందరి ఆదివారాలూ ఆ బంతిలో ఉన్నాయి. వేళ్ళతో తాకినట్టు తట్టాను. బంతి దొర్లి, దొర్లి, గుంట అంచుకి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. అయ్యో అన్నారందరూ.

ఇప్పుడు మా ఆయన వేస్తే మగవాళ్ళదే ఆదివారం. దూరం కూడా ఎక్కువ లేదు.

"మెల్లగా నాయుడూ. ముట్టుకుంటే చాలు," అన్నాడు దొరైసామి, బతిమాలుతున్నట్టు.

మా ఆయన చెయ్యి మెత్తబడింది. కర్ర కొంచెమే వెనక్కి తీశారు. ఊరుకుంటానా?

"ఏమండీ," అన్నాను, చాలా మర్యాదగా. "మీరు కళ్ళారా చూసొచ్చిన గ్రీను. మీకు ఒకరు చెప్పాలా?"

ఆయన నన్నొకసారి చూశారు, దొరైసామినొకసారి చూశారు. మీసం సవరించుకున్నారు. బాదారు.

బంతి గుంట వెనక అంచుకి తగిలి, కప్పలా ఎగిరి, అవతలి వాలులోకి దిగిపోయింది. నేను వెళ్ళి నా బంతిని గుంటలోకి నెట్టాను. ఆడవాళ్ళు పెట్టిన కేకలకి కొండ కింద బస్సు స్టాండులో మనుషులు తలెత్తి చూశారట. మురుకులావిడ నా మెడ కౌగిలించుకుంది. నేనూ కౌగిలించుకున్నాను, కానీ మరిచిపోలేదు.

"రిపోర్టు తప్పే గానీ అక్కా, గెలిచినం," అంది సుజాత.

"తప్పు కాదు," అన్నాను.

సెక్రటరీ అందరి ముందూ ఆదివారం పొద్దు మాకిచ్చేశాడు. బస్సు కొండ దిగుతున్న దారిలో మా ఆయన నా పక్కకొచ్చి కూచున్నారు. "అది కాదు వేదా, నువ్వు చెప్పినాక సరిచూసే అలవాటు నాకు లేదు. ఇన్నేళ్ళుగా నమ్మేసినాను," అన్నారు.

నాకు కాస్త కళ్ళు చెమ్మగిల్లాయి. నిత్యా, ఇది రాయకు. సరే, రాయి. చెమ్మగిల్లినంతమాత్రాన ఆదివారం తిరిగి ఇచ్చేస్తానా? ఆయనిప్పుడు మా తర్వాత ఆడతారు, ఎండలో, టోపీ పెట్టుకుని.

కాబట్టి చదివేవాళ్ళందరి ఎదుటా, ఆదివారం పొద్దుటి మంచు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. సోమవారం నాడు చూసిన గ్రీను గురించి ఈ జన్మలో మా ఆడవాళ్ళ గ్రూపులో నోరెత్తను. మా ఆయనకి మాత్రం, ఆయన దుప్పటి కప్పుకుని పడుకున్నప్పుడు, వినపడేలా పూర్తి వివరంగా చెప్తాను.