పిలుపు వచ్చిన వైపు

పోయిన వారం గరాచర్మ బస్టాపు దగ్గర మా సైన్సు మాస్టారు చనిపోయారు. బైకతను చాలాసేపు హారన్ కొట్టాడట. బండి ఎడమవైపు నుంచి వస్తోంది. మాస్టారు కుడివైపు చూసి, ఏమీ లేదనుకుని అడుగు ముందుకేశారు. కబురు తెలిసినప్పుడు మా క్లాసువాళ్లం ఎవరమూ ఎలా జరిగిందని అడగలేదు. మాకు తెలుసు.

ఆయన తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ దీవుల్లో స్థిరపడ్డారు. మాస్టారి ఉద్యోగం కార్ నికోబార్‌లో. సునామీ తర్వాతి ఏడాది మా బడికి బదిలీ మీద వచ్చారు, ఒక్కరే. నేనప్పుడు ఎనిమిదో తరగతి.

ధ్వని పాఠం రోజు నా కళ్లకు రుమాలు కట్టి, ఎవరు ఎటు నుంచి చిటిక వేస్తే అటు వేలు చూపించమన్నారు. ఒక్కటీ తప్పలేదు. చప్పుడు దగ్గరున్న చెవికి రవ్వంత ముందు, కాస్త గట్టిగా చేరుతుందనీ, ఆ తేడాతోనే మెదడు వైపు పోల్చుకుంటుందనీ వివరించారు. నేను గర్వంగా, ఇప్పుడు మీ వంతు సార్ అన్నాను. ఆయన కాస్త ఆగి రుమాలు కట్టించుకున్నారు. నేను ఎడమ పక్కన చిటిక వేశాను. కుడివైపు చూపించారు. మళ్లీ వేశాను. మళ్లీ కుడివైపే. క్లాసంతా నవ్వింది, అందరికంటే గట్టిగా నేను.

నవ్వులు ఆగేదాకా ఊరుకుని, “ఎడం చెవి సునామీలో పోయింది బేటా. ఒంటి చెవికి చప్పుడు తెలుస్తాది, వైపు తెలీదు” అన్నారు.

సాయంత్రం క్షమాపణ చెప్పుకోవడానికి స్టాఫ్ రూముకి వెళ్లాను. కూర్చోబెట్టి, ఆ ఆదివారం పొద్దుటి సంగతి తనే చెప్పారు. నీళ్లు క్వార్టర్ల మధ్యకి వచ్చేసరికి ఆయనా, భార్యా విడిపోయారు. ఆమె పిలిచింది. మధ్యలో ఒక ఇల్లు అడ్డుండటంతో ఆ కేక ఎదుటి గోడకి తగిలి, అటునుంచి వినబడింది. ఆయన గోడవైపు పరుగెత్తారు. ఆమె మళ్లీ పిలవలేదు. దూలమేదో చెవికి కొట్టుకున్నది ఆ తర్వాత.

“రెండు చెవులూ ఉన్ననాడే తప్పుదారిని పోయాను. మీరు ఒక్కసారి విని పరిగెత్తకండి. తల తిప్పి మళ్లీ వినండి” అన్నారు.

ఆ రోజుల్లో భూమి తరచూ కదిలేది. ఒక మధ్యాహ్నం బెంచీలు గడగడా ఊగితే అందరం మైదానంలోకి వచ్చేశాం. ఎక్కడినుంచో సన్నగా ఒక హోరు మొదలైంది. మాస్టారు చెయ్యెత్తి అందర్నీ ఊరుకోమన్నారు. నా పక్కన వంగి, మెల్లిగా అడిగారు.

“ఎటేపు నుంచి వస్తోంది, చెప్పు. నాకు తెలీదు.”

తల తిప్పి మళ్లీ విన్నాను. సముద్రం వైపు చూపించాను. ఆయన ఇంకెవరినీ అడగలేదు. తనను చూసి నవ్విన పిల్ల మాట నమ్మి, మమ్మల్నందర్నీ వెనక గుట్ట మీదికి ఎక్కించారు. హోరు చాలాసేపు ఆగలేదు. నీళ్లు రాలేదు. అదేం చప్పుడో మాకు ఇప్పటికీ తెలియదు. సాయంత్రం దాకా ఆయన కిందికి దిగనివ్వలేదు, నేను ఆయనకి ఎడమ పక్కనే నిలబడ్డాను.

మొన్న పరామర్శకని మొదటిసారి ఆయన ఇంట్లోకి వెళ్లాను. హాలు నిండా జనం. ఆయన కుర్చీ మూలకి నెట్టి ఉంది. వీపు ఒక గోడకి, ఎడమ చెయ్యి ఇంకో గోడకి ఆనేలా. అక్కడ కూర్చున్న మనిషిని వెనకనుంచి గానీ ఎడమనుంచి గానీ ఎవరూ పిలవలేరు. కూర్చోవడానికి చోటు లేక చాలామంది నిలబడే ఉన్నారు. ఆ కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది, దాని పైన సున్నం గోడ మీద తల ఆనిన మేర గుండ్రంగా నూనె మరక.