మిరపకాయలకు వేసిన రంగు

అమ్మకు అరవై నిండాయని ఇంటి ముందు షామియానా వేసి కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం. ఫ్లెక్సీ బొమ్మ నేనే తయారు చేస్తానన్నాను. నరసరావుపేట స్టూడియోల వాళ్లకంటే నాకే బాగా వచ్చని నా గట్టి నమ్మకం. ఫోనులో ఎడిటింగ్ నేర్చుకున్నప్పటి నుంచి నన్ను పట్టడం ఇంట్లో ఎవరి తరమూ కావడం లేదు.

అమ్మ పెట్టెలో పాత నలుపు తెలుపు ఫొటో ఒకటుంది. మిరపకాయల కల్లంలో ఇద్దరు పడుచులు కూర్చుని తాలుకాయలు ఏరుతుంటారు. ఒకరు అమ్మ, పక్కన పిన్ని. పిన్నంటే అమ్మ చెల్లెలు కాదు, మా పక్కింటామె. అమ్మ పొద్దున్నే కూలికి పోయిన రోజుల్లో నాకు తల దువ్వి, అన్నం పెట్టి బడికి పంపింది ఆమే.

ఫొటో అంతా అలాగే ఉంచి అమ్మ ముఖానికి చామనఛాయ, చీరకు ఆకుపచ్చ, ముందున్న కాయల రాశికి ఎరుపు వేశాను. చూపు అమ్మ మీదే నిలవాలని నా తెలివి. అమ్మకు కూడా ముందు చూపలేదు. పిన్ని బూడిద రంగులో ఉండిపోయిందని నాకు తట్టనే లేదు.

ప్రార్థన అయ్యాక భోజనాల దగ్గర, చిలకలూరిపేట నుంచి వచ్చిన బంధువు ఒకామె ఫ్లెక్సీ చూసి, "అయ్యో, ఆ పక్కనున్నామె ఎప్పుడు పోయింది?" అంది.

ఆ పక్కనున్నామె అదే బంతిలో కూర్చుని పప్పన్నం కలుపుతోంది.

"పోలేదమ్మా, తింటానే ఉన్నా" అంది పిన్ని. అందరూ నవ్వారు. పిన్ని నవ్వలేదు. నా వైపు తిరిగి, "ఏమే, మిరపకాయలక్కూడా రంగేశావే. నాకెయ్యటానికి చేతులు రాలేదా?" అంది.

తల కొట్టేసినట్టయింది. "ఇప్పుడే వేస్తా పిన్నీ, ఒక్క నిమిషం" అంటూ ఫోను తీశాను. అంత సిగ్గులోనూ పనితనం చూపించుకోవాలన్న యావ నాది. "నీ చీర ఏ రంగు?"

"నా చీరా? అది మీ అమ్మ కట్టుకుందిగా. ఫొటో తీస్తారని తెలిసి, మంచి చీర లేదని చానా ఏడిస్తే నేనే ఇచ్చా. నేను కట్టింది మీ అమ్మ పాతది. దానికి రంగేముండాది, అప్పటికే వెలిసిపోయింది."

అమ్మ తల దించుకుంది. అమ్మ ఆ మాట నాతో ఎన్నడూ అనలేదు. ఆ ఫొటో గురించి నేనూ ఎన్నడూ అడగలేదు. ఫోను పక్కన పడేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఏం చేయాలో తోచక పప్పు గిన్నె తీసుకుని పిన్ని ముందు నిలబడ్డాను. ఇంకొంచెం వేయబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"చాల్లే. మీ వాళ్లకెయ్యి" అంది.