చెరిపేసిన మాట

వీధి మలుపులో కుట్టుమిషన్ చప్పుడు ఆగని ఇల్లు ఎవరిదంటే టైలరమ్మదని ఎవరైనా చెబుతారు. కింద దుకాణం, మీద కాపురం. ఆవిడ భర్త ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునేవారు. నోరు విప్పితే చాలు, ఏడుపుమొహాలు కూడా నవ్వాల్సిందే. అలాంటి మనిషికి ఒకరోజు పనిలో ఉండగానే కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. ప్రాణం దక్కింది గానీ మాట ముద్దముద్దయిపోయింది. కట్టుకున్న ఆవిడకే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

ఇక ఆయన తరఫున ఆవిడే మాట్లాడటం మొదలుపెట్టింది. "ఆయనకి ఆకలి లేదట", "ఆయన పడుకుంటారట". ఊహించి చెప్పేవి సగం తప్పయ్యేవి. ఓసారి ఆయన మంచినీళ్ల గ్లాసు విసిరికొట్టారు. పోనీ ఫోన్లో రాయమంటే, ఆ చిన్న చిన్న మీటల మీద ఎడమచేత్తో ఒకటి నొక్కబోతే ఇంకోటి పడేది. విసుగొచ్చి పంపకుండానే పక్కన పడేసేవారు.

సెలవుకి కూతురొచ్చింది. ఆయన దాని చెయ్యి ఊతంగా పట్టుకుని, కాలీడ్చుకుంటూ తన పాత కంప్యూటర్ దగ్గరికి తీసుకెళ్లి, ఒక నల్లటి కిటికీ తెరిచి చూపించారు.

"ఇదేంటే, పాడైపోయిందా?" అంది టైలరమ్మ.

"లేదమ్మా, దీన్ని టెర్మినల్ అంటారు. పూర్వం పెద్ద కంప్యూటర్ ఒకచోట ఉంటే, జనం ఇంకోచోట ఉత్త తెర, కీబోర్డు పెట్టుకుని దాంతో పని చేయించేవాళ్లు. ఆ పెట్టెలు పోయాయి. ఇప్పుడు ఏ కంప్యూటర్లోనైనా ఈ సాఫ్ట్‌వేర్ ఆ పెట్టె వేషం కడుతుంది. నాన్న ఉద్యోగమంతా ఇందులోనే చేశారు. ఇందులోంచే మనతో మాట్లాడదామని కాబోలు."

పైన ఆయనది లినక్స్, దుకాణంలోది విండోస్ లాప్‌టాప్, కూతురిది మ్యాక్, మూడూ మూడు జాతులు. మూడింట్లోనూ ఆ పిల్ల ఒక్కో రకం టెర్మినల్ పెట్టి, అందరికీ ఒకే తెర కనపడేలా కలిపింది. ఎవరు ఏ అక్షరం కొట్టినా అప్పటికప్పుడు అవతలివాళ్లకి కనిపిస్తుంది. కానీ ఒక్కోదానికి ఒక్కో తిక్క. ఒకదాంట్లో చెరిపే మీట నొక్కితే పిచ్చి గుర్తులు పడ్డాయి. ఇంకోదాంట్లో ఒత్తులు ఊడిపోయి, గుణింతాలు పక్కకి జరిగాయి. మీట సంగతి ఎలాగో సరిచేసింది. ఒత్తుల దగ్గర చేతులెత్తేసి, "తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి" అని తేల్చేసింది.

మర్నాడు టైలరమ్మ కింద కత్తిరింపులో ఉండగా తెర మీద అక్షరాలు మెల్లగా పడ్డాయి. "కిటికీ తెరువు. ఉక్క."

ఆవిడ ఇంకోసారి చదివింది. చలేస్తుందేమోనని ఇన్నాళ్లూ ఆయన గది కిటికీ మూసిపెట్టింది తనే!

కొన్నాళ్లకి ఒక బడివాళ్లు యూనిఫారాలు కుట్టమని వచ్చారు. కుదరదని పంపేసింది. ఆ మాట మీదికి వినపడినట్టుంది.

"ఎందుకు వద్దన్నావ్?" అని తెర మీద పడింది.

"మిమ్మల్నెవరు చూసుకుంటారు?" అని కొట్టింది.

తర్వాత ఒక్కో అక్షరమే వచ్చింది. "నా వల్ల నీ బతుకు..." అక్కడ ఆగిపోయింది. చివర్నుంచి ఒక్కో అక్షరమే మాయమైంది. ఆ చోట "సరే" అని పడింది.

కత్తెర అక్కడే పడేసి మెట్లెక్కింది టైలరమ్మ.

"చెరిపేస్తే నాకు తెలీదనుకున్నారా? మొత్తం చదివేశాను."

ఆయన మొహం తిప్పేసుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. ఆవిడ పక్కన కూర్చుని, ఆ పడిపోయిన చేతిని ఒళ్లోకి తీసుకుంది. ఆయన కుదుటపడ్డాక అడిగింది, "ఏం చేద్దామో మీరే చెప్పండి. ఇక నేను ఊహించను."

ఎడమచేత్తో కీబోర్డు మీద కొట్టారాయన. "పని ఒప్పుకో. అవసరమైతే ఇందులో అరుస్తా."

ఏడుస్తూనే నవ్వేసింది.

యూనిఫారాల పని ఒప్పుకుంది. ఆసుపత్రివాళ్లు కూడా ఇంటినుంచే చూడమని ఆయనకి కొంత పని అప్పగించారు. దానికీ ఆ నల్ల కిటికీయే. ఆయన మాట మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు.

దుకాణానికి వచ్చినవాళ్లు, టైలరమ్మ కీబోర్డు మీద టకటకా కొడుతుంటే, "ఎవరితోనమ్మా అంత గొడవ?" అని అడుగుతుంటారు.

"ఇంకెవరితో, మా ఆయనతోనే," అంటుందావిడ తెర మీంచి చూపు తిప్పకుండా. "నోరు పడిపోయిందని బెంగపెట్టుకున్నాను గానీ, ముందుకన్నా ఎక్కువైంది!"